జాబితా రాసే చెయ్యి

2016 మార్చి 18, శుక్రవారం. శ్రమదినాల కూడిక ముగించుకొని మా పెద్దక్క ఇంటికి వెళ్ళేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఇంట్లో ఇంకా ఎవరూ అన్నాలు తినలేదు. అక్క వంటింటి గడప మీద కూర్చుంది. బావగారు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. మా మేనకోడలు మాత్రం కంప్యూటరు ముందు కదలకుండా కూర్చుంది.

"సోమవారమే చెప్పారు కదమ్మా, సీటు వచ్చిందని?" అన్నాను.

"వచ్చిందని చెప్పారు మామయ్యా. ఎక్కడ వచ్చిందో ఇవాళ చెబుతారు."

"సంబంధం కుదిరింది, పెళ్ళికొడుకు పేరు మాత్రం శుక్రవారం చెబుతాం అన్నట్టుంది వీళ్ళ వ్యవహారం" అన్నారు బావగారు. ఎవరికీ నవ్వు రాలేదు.

మన దగ్గర పీజీ అంటామే, అమెరికాలో దాన్ని రెసిడెన్సీ అంటారు. ఎం.బి.బి.ఎస్. చదివిన మన పిల్లలు అక్కడ వైద్యం చేయాలంటే పరీక్షలు రాసి, ఆసుపత్రుల్లో ఇంటర్వ్యూలకు హాజరై, చివరికి మార్చి నెల మూడవ శుక్రవారం కోసం కాచుకొని కూర్చోవాలి. ఆ రోజును మ్యాచ్ డే అంటారు. రాత్రి పది దాటాక కబురు వచ్చింది. ఇంటర్నల్ మెడిసిన్, మూడేళ్ళు, మంచు పడే ఒక ఊరు. అక్క ఏడ్చింది. ప్రార్థన చేసి అందరం అన్నాలకు కూర్చున్నాం.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. నాలుగు రోజులకు ఆ ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది డాక్టరు కాదు. రెసిడెన్సీ కో-ఆర్డినేటర్ అని సంతకం కింద ఉంది. ముందు రెండు మాటల్లో స్వాగతం చెప్పి, తర్వాత పంపవలసిన కాగితాల జాబితా ఇచ్చారు: వీసా కోసం మన కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చే అవసర పత్రం, కళాశాల మార్కుల పత్రాలు, టీకాల వివరాలు, ఆ రాష్ట్రంలో శిక్షణ పొందడానికి లైసెన్సు దరఖాస్తు. ఏది ఏ తేదీలోగా రావాలో, ఆలస్యమైతే ఏమవుతుందో పక్కనే రాసి ఉంది. జూలై 1న పని మొదలు. అంటే చేతిలో ఉన్నది మూడు నెలల పైచిలుకు.

"ఈవిడ ఎవరమ్మా, పెద్ద డాక్టరా?" అని అక్క అడిగింది.

"కాదమ్మా, ఆఫీసులో ఉంటారు. ఇంటర్వ్యూ రోజున గుమ్మం దగ్గర నిలబడి నా పేరు సరిగ్గా పలికింది ఈవిడే" అంది మా పిల్ల.

ఏప్రిల్‌లో ఆవిడ నుంచే ఇంకో ఉత్తరం వచ్చింది. మా పిల్ల కాగితాల్లో ఒకచోట ఇంటిపేరు ముందు ఉంది, మరొకచోట చివర ఉంది, ఇంకొకచోట ఒక్క పొడి అక్షరంగానే ఉంది. తల్లి పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంది. మన తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. కానీ లైసెన్సు ఇచ్చేవారికి ముగ్గురు మనుషుల్లా కనబడవచ్చు, ముందే సరిచేద్దాం, నోటరీ ప్రమాణపత్రంతో పాటు చిన్ననాటి పాత రికార్డు ఏదైనా ఉంటే జతచేయండి అని ఆవిడ రాశారు. మునిసిపాలిటీ జనన పత్రంలో చూస్తే "ఆడ శిశువు" అని మాత్రమే ఉంది. పేరు పెట్టాక వెళ్ళి రాయించుకోవాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మా సంఘపు బాప్తిస్మాల రిజిస్టరు. బీరువా తీసి 1990 పేజీ తిప్పాను. నీలం సిరా, గుండ్రని అక్షరాలు. పిల్ల పేరు, ఇంటిపేరు పూర్తిగా, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, సాక్షులు. ఒక్క కొట్టివేత లేదు. దాని నకలు తీసి, సంతకం చేసి, ముద్ర వేసి పంపాను. పని జరిగింది. జూన్‌లో పిల్ల విమానం ఎక్కింది.

ఆ రిజిస్టరు రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఎయిడెడ్ బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు ఒకరు. నలభై ఏళ్ళు సంఘం రికార్డులన్నీ ఆయనే రాశారు, ఒక్క పైసా పుచ్చుకోకుండా. అంతకు ముందు ఏడాదే, 2015లో, మా సంఘ శతజయంతి జరిగింది. సంచికలో పాదిరిగార్లందరి ఫోటోలూ వేశాం. గంట కొనిచ్చినవారి పేరూ, పందిరి వేయించినవారి పేరూ, మైకు పెట్టించినవారి పేరూ వేశాం. మాస్టారి పేరు వేయలేదు. ఆ సంచికకు సంపాదకుణ్ణి నేనే. బీరువా మూసేటప్పుడు ఈ సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. అయితే ఈస్టరు తర్వాత పనులు ఎన్నో ఉన్నాయి, మరిచిపోయాను.

మూడేళ్ళు గడిచాయి. 2019 జూన్‌లో మా మేనకోడలి శిక్షణ పూర్తయిన సభకు అక్క, బావగారితో పాటు నన్ను కూడా రమ్మన్నారు. అక్కడ ఆ కో-ఆర్డినేటర్‌గారిని చూశాను. ముగ్గుబుట్టలాంటి తల, మెడలో తాళాల గుత్తి. ఆ ఏటితో ఆవిడ ఉద్యోగం కూడా అయిపోతోంది. ముప్ఫై మూడేళ్ళు ఒకే ఆఫీసు. సభ తర్వాత టీ తాగుతూ, రిజిస్టరు నకలు పంపిన పాస్టరును నేనేనని చెప్పాను. ఆవిడకు గుర్తుంది. "ఆ కాగితం రాసినవారికి పని తెలుసు" అన్నారు. ఆ మాటతో నేను తల వంచుకున్నాను.

మర్నాడు మమ్మల్ని తన ఆఫీసుకు రమ్మని, తీరిగ్గా కూర్చొని మాట్లాడారు. మా పిల్ల పక్కన కూర్చొని తెలుగులో చెబుతూ వచ్చింది. ఆవిడ చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన ఊళ్ళ పిల్లలు ఎంతోమంది ఈ దారిన వెళ్తున్నారు గనుక తల్లిదండ్రులు తెలుసుకోవడం మంచిది.

రెసిడెంట్ అంటే నివసించేవాడు. 1889లో బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచారు. అక్కడ వైద్యశాస్త్రంలో విలియం ఆస్లర్, శస్త్రచికిత్సలో విలియం హాల్‌స్టెడ్ కొత్త పద్ధతి పెట్టారు. చదువు పూర్తయిన యువ డాక్టర్లు ఆసుపత్రిలోనే కాపురం ఉండి, రాత్రింబగళ్ళు రోగుల మధ్య పని నేర్చుకోవాలి. ఎన్నేళ్ళని లెక్క లేదు, గురువుకు తృప్తి కలిగేదాకా. హాల్‌స్టెడ్ దగ్గర చాలామంది చేరేవారు, చివరి మెట్టుకు ఒక్కరే చేరేవారు. అప్పట్లో జాబితాలు రాసే గుమాస్తా అక్కరలేదు. ఉన్నవారు కొద్దిమంది, గురువుకు అందరి ముఖాలూ తెలుసు.

తర్వాత ఆసుపత్రులు పెరిగాయి. పోస్టులు ఎక్కువ, విద్యార్థులు తక్కువ. మంచి విద్యార్థిని అందరికంటే ముందు పట్టుకోవాలని పోటీ మొదలైంది. 1944 నాటికి చదువు పూర్తి కావడానికి రెండేళ్ళ ముందే ఇంటర్న్‌షిప్ ఖాయం చేసే స్థితి వచ్చింది. ఇది బాగాలేదని 1945లో కళాశాలలన్నీ కలిసి, ఫలానా తేదీకి ముందు విద్యార్థుల వివరాలు బయటపెట్టం అని కట్టుబాటు చేసుకున్నాయి. దాంతో పోటీ తేదీ నుంచి గడియారానికి మారింది. ఆ ఏడు ఆసుపత్రి పిలుపు వస్తే ఆలోచించుకోవడానికి పది రోజులు ఇచ్చారు. మరుసటి ఏడు ఎనిమిది రోజులు. 1949లో పన్నెండు గంటలైనా ఇవ్వండి అంటే, అది కూడా ఎక్కువే అన్నాయి ఆసుపత్రులు. అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషానికి సరిగ్గా చేతికి అందేలా తంతి ముందే ఇచ్చి ఉంచవచ్చునని కూడా తీర్మానంలో చేర్చారు. నిద్రకళ్ళతో తంతి విప్పి, అప్పటికప్పుడు తన జీవితం ఎక్కడో చెప్పేయాలి ఆ కుర్రవాడు. మరో మంచి ఆసుపత్రి నుంచి పిలుపు వస్తుందేమో చూద్దామంటే చేతిలో ఉన్నది పోతుంది.

ఆ గందరగోళం నుంచి పుట్టిందే మ్యాచ్. విద్యార్థి తనకు నచ్చిన ఆసుపత్రుల్ని వరుసగా రాస్తాడు, ఆసుపత్రి తనకు నచ్చిన విద్యార్థుల్ని వరుసగా రాస్తుంది. రెండు జాబితాల్నీ ఒకచోట కలిపి జత కుదురుస్తారు. 1951లో నమూనాగా చేసి చూసినప్పుడు విద్యార్థులే లోపం పట్టుకున్నారు. దొరకడం కష్టమైన చోటును మొదట రాసినవాడికి ఆ పద్ధతిలో నష్టం జరుగుతోంది. మనసులో ఉన్నది ఉన్నట్టు రాసినందుకు శిక్ష పడకూడదు కదా అని పట్టుబట్టారు. పద్ధతి మార్చి 1952లో మొదటి మ్యాచ్ జరిపారు. డాక్టర్లయిన భార్యాభర్తలు ఒకే ఊళ్ళో ఉండేలా జంటగా జాబితా ఇచ్చే వీలు 1984లో వచ్చింది. ఆల్విన్ రోత్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు, ఇంకొకరితో కలిసి ఈ లెక్కను సరిదిద్దితే 1998 నుంచి అది అమలైంది. ఇలాంటి జతల లెక్క మీద చేసిన కృషికి రోత్‌కూ, లాయిడ్ షాప్లీకీ 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

లెక్క రాసినవారికి నోబెల్ వచ్చింది. సంతోషమే. కానీ ఆ లెక్కలోకి వెళ్ళే జాబితా ప్రతి ఆసుపత్రిలోనూ ఎవరో ఒకరు కూర్చొని సిద్ధం చేయాలి. నిర్ణయం డైరెక్టరుగారిది, బాధ్యత ఆయనది. పేర్లు సరిచూసేది, గడువు లోపల ఎక్కించేది చాలా చోట్ల కో-ఆర్డినేటరే. మ్యాచ్ ఫలితానికి రెండు పక్షాలూ కట్టుబడాలి. ఒక వరుస సంఖ్య తారుమారైతే ఒక మనిషి మూడేళ్ళు వేరే ఊళ్ళో బతకవలసి వస్తుంది. "ఆ వారం నాకు నిద్ర పట్టేది కాదు" అన్నారావిడ.

ఆవిడ ఆ ఉద్యోగంలో 1986లో చేరారు. అప్పుడు హోదా కో-ఆర్డినేటర్ కాదు, సెక్రటరీ. టైపు వస్తుందా అని అడిగి తీసుకున్నారట. మొదటి రోజు ఒక తాళంచెవి ఇచ్చి, గోడ బీరువా చూపించారు. అంతకు ముందున్నావిడ అప్పటికే వెళ్ళిపోయారు. పని ఎలా చేయాలో ఒక్క కాగితం రాసి లేదు. పెన్సిలుతో గీసిన డ్యూటీ పట్టిక ఒకటి, చెరిపి చెరిపి చిరుగులు పడింది, గోడకు ఉంది. దరఖాస్తులు అప్పట్లో తపాలాలో వచ్చేవి. కంప్యూటరు ద్వారా దరఖాస్తు పెట్టే పద్ధతి 1990ల మధ్యలో గాని రాలేదు. శరదృతువు వస్తే గది నేల మీద కవర్లు గుట్టలుగా పడేవి. అంత పెద్ద ఆసుపత్రిలో ఆ పని చేసే మనిషి ఆవిడ ఒక్కరే. డాక్టర్లకు తోటి డాక్టర్లున్నారు, నర్సులకు తోటి నర్సులున్నారు. ఆవిడ సందేహం అడగాలంటే ఎవరూ లేరు.

చేరిన కొద్ది నెలలకే తనిఖీవారు వస్తారని కబురందింది. అమెరికాలో రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చే మండలి ఏ.సి.జి.ఎం.ఇ. 1981లో ఏర్పడింది. దాని గుర్తింపు పోతే శిక్షణే ఆగిపోతుంది. వాళ్ళకు పంపవలసిన ఫారం పుస్తకమంత లావుంది. ఆవిడకు సగం ప్రశ్నలు అర్థం కాలేదు. డైరెక్టరుగారు ఆపరేషన్లు, వార్డుల మధ్య దొరకరు. చివరికి ఒక పాత ఉత్తరం మీద పక్క ఊరి ఆసుపత్రి నంబరు కనబడితే ఫోను చేశారు. అటువైపున్న స్త్రీ ఒక్క నిమిషం మాట్లాడలేదట. తర్వాత అన్నారట: "పోయినేడు ఇదే ఫారం ముందు కూర్చొని నేను ఏడ్చాను. శనివారం రండి, నాది చూపిస్తాను."

రెండు గంటల ప్రయాణం. వంటింటి బల్ల మీద ఫారం పరచుకొని సాయంత్రం దాకా కూర్చున్నారు. తర్వాత ఇంకో ఊరి ఆవిడ చేరారు. నలుగురయ్యారు, తొమ్మిదిమందయ్యారు. మూడు నెలలకొకసారి ఏదో ఒక ఆసుపత్రి క్యాంటీనులో కలిసేవారు. దానికి సంఘమని పేరు లేదు, అధ్యక్షురాలు లేదు. వాళ్ళు మొదట తయారుచేసింది నియమావళి కాదు, ఒక క్యాలెండరు. జూలైలో ఏం చేయాలి, సెప్టెంబరులో ఏం చేయాలి, ఫిబ్రవరిలో ఏ గడువు దాటకూడదు అని ఒక్కొక్కరు తాము దెబ్బతిని నేర్చుకున్నది ఒక్కొక్క గడిలో రాశారు. "కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు తాళంచెవితో పాటు ఈ క్యాలెండరు కూడా అందాలి అనుకున్నాం, అంతే" అన్నారు.

డైరెక్టర్ల సమావేశాలు జరిగే హోటళ్ళలో వీళ్ళు బయట బల్ల దగ్గర కూర్చొని బ్యాడ్జీలు ఇచ్చేవారు. ఒకసారి ఎవరో ధైర్యం చేసి, మాకూ ఒక చిన్న గది ఇవ్వండి అని అడిగారట. టైపిస్టులు కూర్చొని ఏం మాట్లాడుకుంటారు, జీతాలు పెంచమని అడుగుతారేమో అని కొందరు సణిగారు. ఇంకొకరు తమ విభాగం ఖర్చుతో గది ఇప్పించారు. గది వచ్చాక వీళ్ళలో వీళ్ళకే వాదం వచ్చింది. డైరెక్టర్ల సంఘం నీడలో ఉంటే సదుపాయం, కానీ మాట వినబడదు. విడిగా నిలబడితే మాట మనది, కానీ దారి ఖర్చు ఎవరిస్తారు? సెక్రటరీ అన్న పేరు మార్చాలా వద్దా అని ఒక పూటంతా మాట్లాడుకున్నారు. పేరైతే మారింది. "పేరు మారిన నెల కూడా జీతం అంతే వచ్చింది" అని ఆవిడ నవ్వారు.

ఇలా ఒక్కొక్క వైద్య శాఖలో ఒక్కొక్క సంఘం నిలబడింది. సర్జరీ కో-ఆర్డినేటర్లకు ఆర్క్స్ అనే పేరుతో సంఘం ఏర్పడింది. దాని సమావేశాలు సర్జరీ ప్రోగ్రాం డైరెక్టర్ల సంఘం సభలతో పాటే జరుగుతాయి. ఎముకల శస్త్రచికిత్స శాఖవారికి ఆర్కాస్ ఉంది. కుటుంబ వైద్యాన్ని అమెరికాలో 1969లో ప్రత్యేక శాఖగా గుర్తించారు. ఆ శాఖ నిర్వాహకులకు ఎ.ఎఫ్.ఎం.ఎ. ఉంది. అన్ని శాఖలవారికీ కలిపి పరీక్ష పెట్టి, పని తెలిసినవారని ధ్రువపత్రం ఇచ్చే ట్యాగ్మి అనే బోర్డు కూడా ఏర్పడింది. ఒకప్పుడు టైపు వస్తే చాలన్న పని, చదివి పరీక్ష రాసి నిరూపించుకునే వృత్తి అయింది.

ఎందుకు ఇంత పెరిగింది? ఒక విషాద సంఘటన చెబితే అర్థమవుతుంది. 1984 మార్చిలో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి జ్వరంతో ఆసుపత్రిలో చేరి, మరునాటి ఉదయానికే చనిపోయింది. ఆ రాత్రి చూసిన యువ డాక్టర్లు ఎన్ని గంటల నుంచి మేలుకొని ఉన్నారు, ఎంతమంది రోగుల్ని చూస్తున్నారు అని ఆమె తండ్రి, పత్రికా రచయిత సిడ్నీ జయాన్, నిలదీశారు. విచారణలు జరిగాయి, బెర్ట్రాండ్ బెల్ అనే డాక్టరు అధ్యక్షతన కమిటీ వేశారు. 1989లో న్యూయార్క్ రాష్ట్రం రెసిడెంట్ల పనిని వారానికి 80 గంటలకు, ఏకబిగిన 24 గంటలకు పరిమితం చేసింది. 2003 జూలై నుంచి 80 గంటల పరిమితిని ఏ.సి.జి.ఎం.ఇ. దేశమంతటికీ వర్తింపజేసింది. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు, ఏడు రోజుల్లో ఒక రోజు విశ్రాంతి.

నియమం రాయడం ఒక రోజు పని. ఆ నియమం నిలబడాలంటే ప్రతి రెసిడెంటు ఎప్పుడు వచ్చాడో, ఎప్పుడు వెళ్ళాడో ఎవరో రాయాలి. 79 గంటలు దాటిన పిల్లవాణ్ణి చూసి డైరెక్టరుగారి తలుపు ఎవరో తట్టాలి. అలాగే 1999లో డాక్టరుకు ఉండవలసిన ఆరు సామర్థ్యాలు ఇవీ అని చెప్పారు. 2013 నుంచి మెట్టు మెట్టుగా ఎదుగుదల కొలిచే పద్ధతి తెచ్చారు. ప్రతి సంస్కరణ వెనుకా ఒక రిజిస్టరు పుట్టింది. ఆ రిజిస్టర్లన్నీ వచ్చి ఆ తాళంచెవి ఉన్న గదిలోనే చేరాయి. అలసిన డాక్టరును ఇంటికి పంపిన ఘనత చట్టానిదే. ఆ రాత్రి పట్టికలో అతని బదులు ఇంకొకరి పేరు వెతికి రాసినవారి సంగతి ఎవరూ అడగరు.

వచ్చేటప్పుడు ఆవిడ బల్ల మీద ఉన్న ఒక పుస్తకం తెరిచి చూపించారు. ఏ.సి.జి.ఎం.ఇ. ఉమ్మడి నియమావళి కొత్త ప్రతి, 2019 జూలై 1 నుంచి అమలు. అందులో ప్రోగ్రాం కో-ఆర్డినేటర్ అని ఒక ప్రత్యేక విభాగం ఉంది. ప్రతి రెసిడెన్సీకీ కో-ఆర్డినేటర్ ఉండి తీరాలి, వారి పనికి తగిన సమయం, ఆదరవు ఇవ్వాలి అని రాసి ఉంది. "నేను వెళ్ళిపోయిన మర్నాటి నుంచి నేను ఉండి తీరాలట" అన్నారావిడ. నవ్వుతూనే అన్నారు గాని కళ్ళు తుడుచుకున్నారు.

తిరుగు ప్రయాణంలో విమానంలో నాకు నిద్ర రాలేదు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ పత్రికను చేతితో రాసినవాడు తెర్తియు. పదహారవ అధ్యాయంలో ఒకే ఒక్క వచనంలో తన పేరు చెప్పుకొని వందనం చెబుతాడు. పౌలు అతనికి ఆ ఒక్క పంక్తి చోటిచ్చాడు. నేను మాస్టారికి శతజయంతి సంచికలో ఆ పాటి చోటైనా ఇవ్వలేదు.

ఊరు చేరిన మూడోనాడు మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి, మంచం మీద నుంచి లేవబోతే వారించాను. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. శతజయంతి సంచికలో జరిగిన పొరపాటు చెప్పి క్షమించమని అడిగాను. అమెరికాలో ఒకావిడ "ఆ కాగితం రాసినవారికి పని తెలుసు" అన్న మాట కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.

"పేరుదేముందిలెండి అయ్యగారూ" అన్నారు చివరికి. "ఆ 1979 పేజీ మాత్రం సరిచేయించండి. ఈస్టరు నాడు ఇద్దరు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు. తల్లుల పేర్లు అటుదిటు రాశాను. నెల తర్వాత తెలిసింది. పాదిరిగారి సంతకం లేకుండా రిజిస్టరు దిద్దే అధికారం నాకు లేదు. నలుగురు అయ్యగార్లకు చెప్పాను."

ఆ నలుగురిలో నేనొకణ్ణి. 2014లో బడి పిల్లవాడిలా పుస్తకం చంకన పెట్టుకొని వచ్చి ఆయన ఈ మాట చెబితే, "చూద్దాం మాస్టారూ" అన్నాను. అది నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ ఇద్దరు పిల్లల్లో ఎవరైనా, మా మేనకోడలిలా, ఏ రాత్రో ఆ పేజీ కోసం రావచ్చు. వచ్చి తన తల్లి పేరు కాని పేరు చూడవచ్చు. నలభై ఏళ్ళు ఆయన మోసిన బరువు అది.

ఆ సాయంత్రమే రిజిస్టరు ఆయన ఇంటికి తెచ్చాను. ఆయన వేలు పెట్టి చూపించారు. ఇద్దరు సంఘ పెద్దల ఎదుట సవరణ రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. సాక్షి సంతకం ఆయన చేశారు. చెయ్యి వణికింది గాని అక్షరం మాత్రం గుండ్రంగానే ఉంది.

ఆ తర్వాత ఒక చిన్న పని చేశాను. చుట్టుపక్కల సంఘాల్లో రికార్డులు రాసేవారికి కబురు పెట్టి ఒక శనివారం మా దగ్గరికి రమ్మన్నాను. ఐదుగురు వచ్చారు. పాఠం చెప్పడానికి ఎవర్నీ పిలవలేదు. ఎవరి పుస్తకం వారు తెచ్చి బల్ల మీద పరిచారు. ఒకరి దగ్గర తల్లి పేరుకు గడే లేదు. ఒకరు వివాహాల రిజిస్టరులో సాక్షుల ఊరు రాయడం లేదు. ఇంకొకరి పుస్తకానికి చెదలు పట్టాయి. ఏం చేయాలో తెలియక రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట. ఆ మాట అంటుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. మిగిలిన నలుగురూ కుర్చీలు దగ్గరకు జరుపుకొని, ఆ చెదలు తిన్న పేజీల్లో చదవడానికి వీలైన పేర్లు ఒక్కొక్కటిగా పైకి చదువుతూ కొత్త పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. భోజనాల వేళ దాటిపోయింది. మాస్టారు గోడకు ఆనుకొని కుర్చీలో కూర్చొని, మధ్య మధ్య "ఇంటిపేరు పూర్తిగా రాయండి, పొడి అక్షరం వద్దు" అంటూ ఉన్నారు.

పాఠక సోదరీ సోదరులారా, మీ సంఘంలో, మీ బడిలో, మీ ఆసుపత్రిలో బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో ఒకసారి అడిగి చూడండి. వారు మీతో ఎప్పుడైనా ఒక తప్పు సరిచేయమని చెప్పి ఉంటే, ఈ నెలలోనే ఆ పేజీ తీయండి.